పెరట్లో ఒంటరి తేనెటీగలకు గూళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో పెరడో, మిద్దెతోటో, నాలుగు నిమ్మచెట్లో ఉన్నవారు ఒంటరి తేనెటీగలకు గూళ్లు పెట్టాలనుకున్నప్పుడు సాధారణంగా అడిగే ప్రశ్నలు, వాటికి సమాధానాలు ఇక్కడ ఉన్నాయి. ఈ విషయంపై దొరికే సూచనలలో చాలా భాగం చలిదేశాల కోసం రాసినవి. అవి మన ఎండకూ, మన తుపానుల కాలానికీ సరిపడవు. అందువల్ల తేడా ఉన్న ప్రతిచోటా మన వాతావరణానికి తగిన పద్ధతినే చెప్పాము.

ఒంటరి తేనెటీగలు అంటే ఏవి?

తేనెటీగ అనగానే మనకు కొమ్మకు వేలాడే పట్టు, అందులో ఒక రాణి, వేల సంఖ్యలో పనిచేసే ఈగలు గుర్తుకు వస్తాయి. ప్రపంచంలో ఇప్పటివరకు గుర్తించిన తేనెటీగ జాతులు సుమారు 20,000 కాగా, వాటిలో అత్యధిక భాగం పట్టు పెట్టవు, గుంపు కట్టవు. వీటిలో ప్రతి ఆడ ఈగ తన గూటిని తానే వెతుక్కుని, తానే గదులు కట్టి, తానే పుప్పొడి మోసుకొచ్చి, తానే గుడ్లు పెడుతుంది. సాయానికి మరొక ఈగ ఉండదు. పిల్లలకు సరిపడా ఆహారం గదిలో పెట్టి మూసేయడంతో తల్లి పని ముగుస్తుంది. చాలా జాతులలో తల్లి తన పిల్లలను చూడకుండానే చనిపోతుంది.

మన ప్రాంతంలో కనిపించేవి ఏవి?

అందరికీ తెలిసినది గండుతుమ్మెద. నల్లగా నిగనిగలాడుతూ, ఎండ పడినప్పుడు రెక్కలు నీలంగా మెరుస్తూ, పెద్ద రొదతో వచ్చే ఈ తుమ్మెద ఎండు వెదురులోనూ, పాత వాసాలలోనూ తొలుచుకుని గూడు పెడుతుంది. రెండవది ఆకులు కత్తిరించే తేనెటీగ. ఇది పుప్పొడిని కాళ్లకు కాక పొట్ట అడుగున ఉన్న నూగులో మోస్తుంది కాబట్టి, పొట్ట కింద పసుపు రాసినట్లు కనిపిస్తే అదేనని గుర్తించవచ్చు. దీని బంధువులలో కొన్ని ఆకులకు బదులు బురదతోనో, చెట్ల బంకతోనో గదులు కడతాయి. తలుపు గొళ్లెం రంధ్రంలోనో, వాడని గొట్టంలోనో ఎర్రమట్టి కూరి ఉండడం మీరు చూసి ఉంటే అది కొన్నిసార్లు వీటి పనే.

మూడవది నీలిచారల తేనెటీగ. పొట్టమీద మెరిసే నీలి పట్టీలు ఉండి, పువ్వు ముందు గాలిలో ఒక్క క్షణం ఆగి మరో పువ్వుకు దూకుతుంది. ఇది నేలలోనూ మట్టిగోడలలోనూ గూడు పెడుతుంది. మగవి రాత్రిళ్లు గూటికి పోవు. పొద్దుగూకే వేళకు ఒక సన్నటి ఎండుపుల్లను ఎంచుకుని, దానిని దవడలతో కరచిపట్టుకుని, వరుసగా వేలాడుతూ నిద్రపోతాయి. తులసికోట పక్కన ఎండిన కాడ ఉంటే, దీపం పెట్టే వేళకు ఒకసారి పరిశీలించి చూడండి.

ఇవి కాక, కాడల మధ్య ఉండే బెండును తొలుచుకుని గూడు పెట్టే, చీమంత చిన్న నల్లటి తుమ్మెదలు కూడా ఉన్నాయి. వాటిని చాలామంది తేనెటీగలని గుర్తించరు.

వీటివల్ల తోటకు మేలు ఏమిటి?

వంగ, టమాటా పూలలో పుప్పొడి గొట్టాలవంటి సంచులలో బిగిసి ఉండి, చివరన ఉన్న చిన్న రంధ్రం గుండా మాత్రమే బయటికి రాలుతుంది. నీలిచారల తేనెటీగ, గండుతుమ్మెద ఆ పువ్వును గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండా రెక్కల కండరాలను మాత్రమే అదరగొడతాయి. ఆ అదురుకు పుప్పొడి పొడిపొడిగా రాలుతుంది. పట్టు తేనెటీగలకు ఈ విద్య రాదు. వంగతోటలో ఉదయం పూట ఆగి ఆగి వినిపించే సన్నటి జుమ్మనే శబ్దం ఇదే.

మునగ పూతకు గండుతుమ్మెదలు ఎంత ముఖ్యమో ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1990లోనే రాశారు. ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతాలలో విస్తారంగా వేసే కందిపూలను ఆకులు కత్తిరించే తేనెటీగలు ఎక్కువగా దర్శిస్తాయి. కందిపువ్వు అడుగు రేకులను తెరిచి లోపలికి చేరడానికి ఆ మాత్రం బలమున్న ఈగ కావాలి. పెరటి బీర, సొర, గుమ్మడి, కాకర పాదులకూ ఒంటరి తేనెటీగల సాయం అందుతుంది.

గూడు మనం ఎందుకు పెట్టాలి? అవే వెతుక్కోలేవా?

ఇంతకాలం వెతుక్కున్నాయి. తాటాకు కప్పుల వాసాలు, వెదురు దడులు, మట్టిగోడలు, చెత్తపడి ఉన్న దొడ్లు, పెరట్లో మోడుబారిన చెట్లు, ఇవన్నీ వాటి నివాసాలే. ఇప్పుడు దడి స్థానంలో ప్రహరీగోడ, మట్టిగోడ స్థానంలో సిమెంటు, వాకిట్లో మట్టి స్థానంలో టైల్సు వచ్చాయి. పూలు ఉన్నా గూడు కట్టే చోటు లేకపోతే ఈగ నిలవదు. మనం పెట్టే గూడు కొత్తగా చేస్తున్న ఉపకారమేమీ కాదు, మన కట్టడాల వల్ల పోయిన దానిలో కొంత తిరిగి ఇవ్వడం. ఇది నా గట్టి నమ్మకం. అందుకే అలంకారానికి పెట్టే పెద్ద గూటికన్నా, సరైన కొలతలతో చేసిన చిన్న గూటిని నేను సిఫారసు చేస్తాను.

గూటిని దేనితో, ఏ కొలతలతో చేయాలి?

అన్నిటికన్నా సులభమైనది వెదురు. చేతికర్ర, బొటనవేలు మందంలోని బొంగులను తీసుకుని, ప్రతి ముక్కకూ ఒక చివర కణుపు ఉండేలా, రెండవ చివర తెరిచి ఉండేలా కోయాలి. కణుపే వెనుక గోడ అవుతుంది. రెండు వైపులా తెరిచి ఉన్న గొట్టంలో ఈగలు గూడు పెట్టవు. లోపలి రంధ్రం 4 మిల్లీమీటర్ల నుంచి 10 మిల్లీమీటర్ల వరకు రకరకాలుగా ఉండాలి. లోతు 10 నుంచి 15 సెంటీమీటర్లు, అంటే నాలుగు నుంచి ఆరు అంగుళాలు ఉంటే మంచిది. ఆకులు కత్తిరించే తేనెటీగలకు 6 నుంచి 8 మిల్లీమీటర్ల రంధ్రాలు బాగా నచ్చుతాయి. గండుతుమ్మెదల కోసం ఒకటిన్నర సెంటీమీటరు రంధ్రమున్న బొంగులు కొన్ని విడిగా కట్టండి.

కోసిన అంచు గరుకుగా ఉండకూడదు. ఈగ గొట్టంలోకి ముందు తలతో వెళ్లి, తర్వాత వెనక్కి నడుస్తూ వస్తుంది. ఒక్క పేడు పొడుచుకుని ఉన్నా రెక్క చిరుగుతుంది, చిరిగిన రెక్క తిరిగి మొలవదు. అందుచేత గరుకు కాగితంతో అంచునూ, సన్నటి కర్రకు చుట్టిన అదే కాగితంతో లోపలి భాగాన్నీ నున్నగా రుద్దాలి. ఈ పనికి పది నిమిషాలు ఎక్కువ పట్టినా ఫరవాలేదు.

పచ్చి వెదురులో పిండిపదార్థం ఉంటుంది కాబట్టి త్వరగా పుచ్చు పడుతుంది. రెండు మూడు వారాలు నీటిలో నానబెట్టి, తర్వాత నీడలో పూర్తిగా ఆరబెట్టడం మన వాళ్లు ఎప్పటినుంచో పాటిస్తున్న పద్ధతి. పుచ్చు మందు, వార్నీషు, కిరసనాయిలు పూయవద్దు.

చెక్క వాడేవారు సరుగుడు, జామాయిల్, తుమ్మ, ఏదైనా బాగా ఎండిన దిమ్మెను తీసుకోవచ్చు. చెట్టును అడ్డంగా కోసినప్పుడు వలయాలు కనిపించే ముఖంమీద కాకుండా, బెరడు ఉండే పక్క ముఖంమీద బరమాతో రంధ్రాలు వేయాలి. వలయాల ముఖం ఎండకు చీలుతుంది, ఆ చీలికల గుండా చీమలూ, పరాన్నజీవులూ లోపలికి చేరతాయి. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య రెండు సెంటీమీటర్ల ఎడం ఉంచండి. దిమ్మెకు అటువైపు బరమా పొడుచుకు రాకుండా చూసుకోండి. ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చేసే కళాకారుల దగ్గర మిగిలే ముక్కలవంటివి, మందు పూయనివి దొరికితే చిన్న గూళ్లకు చక్కగా సరిపోతాయి.

ఇక బెండు కాడల పని అతి తేలిక. గులాబీ, రత్నగంధి కొమ్మలను కత్తిరించినప్పుడు పారవేయకుండా, అడుగు పొడవు ముక్కలు ఎండబెట్టి, కంచెకు నిలువుగా ఒకటీ అరా కట్టండి. కోసిన చివర బెండు కనిపిస్తూ ఉంటే చిన్న తుమ్మెదలు తామే తొలుచుకుంటాయి.

రంధ్రం లోతు గురించి అంత పట్టింపు ఎందుకు?

తల్లి ఈగ తాను పెట్టబోయే గుడ్డు ఆడదో మగదో తానే నిర్ణయించగలదు. ఫలదీకరణ చెందిన గుడ్డు ఆడ ఈగ అవుతుంది, చెందనిది మగ ఈగ అవుతుంది. గొట్టం లోపలి భాగంలో ఆడ గుడ్లనూ, ద్వారానికి దగ్గరగా మగ గుడ్లనూ పెట్టడం వీటిలో సాధారణం. మగవి ముందుగా పెరిగి బయటికి వస్తాయి. గొట్టం పొట్టిగా ఉంటే ఆడ గుడ్లకు చోటు చాలదు, గూడు నిండినా రాబోయే తరంలో మగవే మిగులుతాయి. బజారులో అమ్మే గూళ్లలో ప్రధాన లోపం ఇదే.

బజారులో అమ్మే గూళ్లు కొనవచ్చా?

కొనే ముందు గొట్టం లోతు కొలవండి, వెనుకవైపు మూసి ఉందో లేదో చూడండి. చాలా వాటిలో రెండు మూడు అంగుళాల బొంగులు, ఖాళీ నింపడానికి చెక్కపొట్టు, సరుగుడు కాయలవంటివి ఉంటాయి. వాటిలో తేనెటీగలు ఉండవు, సాలెపురుగులు ఉంటాయి. ప్లాస్టిక్, గాజు గొట్టాలు అసలే వద్దు. వాటిలో తేమ నిలిచి పుప్పొడి బూజుపడుతుంది, పిల్లపురుగులు చనిపోతాయి.

గూటిని ఎక్కడ, ఏ దిక్కుకు పెట్టాలి?

చలిదేశాలలో గూటికి రోజంతా ఎండ తగలాలని చెబుతారు. మన దగ్గర ఆ పని చేస్తే పిల్లపురుగులు ఉడికిపోతాయి. మే నెలలో 42 డిగ్రీలు దాటే చోట, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే చోట, మధ్యాహ్నపు ఎండ, పడమటి వడగాలి గూటిమీద పడకూడదు. తూర్పు లేదా ఆగ్నేయ ముఖంగా, ఉదయం రెండు మూడు గంటలు మాత్రమే లేత ఎండ తగిలి, తర్వాత నీడ పడే చోటు అన్నిటికన్నా మంచిది. వేపచెట్టుకు తూర్పువైపు గోడ, ఇంటి చూరు కింద, వసారా స్తంభం, ఇవి చక్కగా కుదురుతాయి.

తూర్పు ముఖం పెడితే ఇంకొక చిక్కు ఉంది. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఈశాన్య రుతుపవనాల వల్ల కురుస్తుంది. తుపాను వచ్చినప్పుడు కావలి, కోవూరు, కొత్తపట్నం వంటి తీర ప్రాంతాలలో జల్లు అడ్డంగా కొడుతుంది. కాబట్టి గూటి పైకప్పు గొట్టాల నోళ్లకంటే కనీసం ఆరు అంగుళాలు ముందుకు వచ్చి ఉండాలి. గొట్టాలను లోపలివైపు రవ్వంత ఎత్తుగా, నోటివైపు వాలుగా బిగిస్తే పడిన నీరు బయటికే జారుతుంది, నీరు నిలవదు కాబట్టి దోమల సమస్యా ఉండదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు గూటిని విప్పి లోపల పెట్టాలనిపిస్తుంది. అలా కదిలిస్తే బయట ఉన్న తల్లి ఈగలు దారి తప్పుతాయి. తప్పనిసరి అయితే రాత్రిపూట తీసి, గాలి తగ్గగానే సరిగ్గా అదే చోట తిరిగి పెట్టండి.

ఎత్తు నడుము నుంచి తల వరకు ఎంతైనా ఫరవాలేదు. గూడు గాలికి ఊగకూడదు. తాడుతో వేలాడదీయకుండా మేకులతోనో, బిగువైన తీగతోనో గోడకు బిగించాలి. మొదటి రెండు మూడు అంతస్తుల బాల్కనీలలోనూ, మిద్దెతోటలలోనూ పెట్టవచ్చు.

ఎప్పుడు పెట్టాలి?

వానలు వెనుకబట్టి, కందీ, చిక్కుడూ, పెరటిపాదులూ పూతమీద ఉండే డిసెంబరు చివర నుంచి సంక్రాంతి వరకు ఉన్న రోజులు అనువైనవి. నడివేసవిలో పెట్టినా నష్టం లేదు కానీ అప్పుడు పూలు తక్కువ కాబట్టి ఈగలు రావడానికి ఆలస్యం కావచ్చు.

ఇవి కుడతాయా? పిల్లలున్న ఇంట్లో పెట్టవచ్చా?

పట్టు తేనెటీగలకు కాపాడుకోవలసిన తేనె ఉంటుంది, అందుకే గుంపుగా వెంటపడతాయి. ఒంటరి తేనెటీగకు కాపలా కాయడానికి తనవారెవరూ లేరు. తాను గాయపడితే తన గూడు అంతటితో ఆగిపోతుంది కనుక, అది పారిపోతుందే తప్ప మీదికి రాదు. మగవాటికి కొండి ఉండదు. మన ముఖం ముందు గాలిలో నిలబడి బెదిరించినట్లు కనిపించే గండుతుమ్మెద తరచుగా మగదే. ఆడదానిని చేతితో నలిపినా, బట్టల్లో ఇరుక్కున్నా కుట్టగలదు. కీటకాలు కుడితే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చే అలర్జీ ఉన్నవారు మాత్రం దూరం నుంచి చూడడమే మంచిది.

తేనె వస్తుందా?

రాదు. ఇవి నిల్వ చేసేది పిల్లల కోసం కలిపిన పుప్పొడి ముద్ద మాత్రమే.

గూడు నిండిందని ఎలా తెలుస్తుంది? లోపల ఏం జరుగుతుంది?

గొట్టం నోరు మట్టితోనో, ఆకుముక్కలతోనో, బంకతోనో మూసి ఉంటే లోపల పని పూర్తయిందని అర్థం. ఆకులు కత్తిరించే ఈగ గూడును దగ్గరగా చూడగలిగితే అది ఎంత నేర్పుగల పనో తెలుస్తుంది. ముందుగా కోలగా ఉన్న ఆకుముక్కలను తెచ్చి, ఒకదానిమీద ఒకటి అతికించి, చుట్ట చుట్టినట్లు ఒక గది చేస్తుంది. దానిలో పుప్పొడినీ మకరందాన్నీ కలిపిన ముద్ద పెట్టి, దానిమీద ఒక్క గుడ్డు పెడుతుంది. తర్వాత కత్తెరతో కోసినట్లు గుండ్రంగా ఉన్న ముక్కలు తెచ్చి మూత వేస్తుంది. ఆ మూతే తరువాతి గదికి అడుగు భాగం. గుడ్డు పొదిగి పురుగు వస్తుంది, ఆ ముద్దనంతా తిని, తన చుట్టూ దారపు గూడు అల్లుకుని, ప్యూపాగా (పురుగుకూ ఈగకూ మధ్య దశగా) మారి, ఈగగా బయటపడుతుంది. మన వేడి వాతావరణంలో ఏడాదికి ఒకటికన్నా ఎక్కువ తరాలు వస్తాయి.

మూసిన నోటిని పొడిచి చూడవద్దు. సన్నని గుండ్రని రంధ్రం మూతలో కనిపించిన రోజు పిల్లలు వెళ్లిపోయాయని తెలుసుకోండి.

నా గులాబీ ఆకులకు అంచున గుండ్రని కోతలు పడుతున్నాయి. మందు కొట్టాలా?

వద్దు. అవి తెగులు కావు, పురుగు తిన్న గుర్తులూ కావు, మీ గూటికి వెళ్లిన గోడలు. గులాబీ, కాగితపు పూలు, కంది, కానుగ ఆకులను ఈ ఈగ ఇష్టపడుతుంది. మొక్కకు దానివల్ల చెప్పుకోదగిన నష్టం జరగదు.

నేలలో గూడు పెట్టేవాటికి ఏం చేయాలి?

ఒంటరి తేనెటీగ జాతులలో ఎక్కువ భాగం నేలలోనే గూడు పెడతాయి. వెదురు గూడు వాటికి పనికిరాదు. నన్నడిగితే ఈ ఒక్క పని గూడు కట్టడమంత ముఖ్యమైనది: పెరట్లో ఎండ తగిలే, నీరు నిలవని ఒక మూల, మంచం పరిచినంత చోటును గచ్చు చేయకుండా, తవ్వకుండా, ఆకులతో కప్పకుండా వదిలేయండి. పేరుపొందిన మన తీరపు ఇసుక నేల, మెట్టలోని ఎర్రనేల రెండూ వాటికి అనుకూలమే.

నీలిచారల తేనెటీగ కోసం మట్టిదిమ్మె చేయవచ్చు. ఎర్రమట్టిలోనో పుట్టమన్నులోనో ఇసుక కలిపి పిసికి, పగిలిన కుండలోనో, బోలు సిమెంటు ఇటుక కంతలలోనో కూరి, మెత్తగా ఉండగానే పెన్సిలంత పుల్లతో అంగుళంన్నర లోతు గుంటలు పెట్టి ఆరనివ్వండి. ఆరిన తర్వాత గోటితో గీస్తే పొడి రాలాలి. రాలకపోతే ఇసుక చాలలేదని అర్థం, ఈగ దానిని తవ్వలేదు. సిమెంటు కలపకూడదు. దిమ్మెను చూరు కింద, వాన తగలని చోట ఉంచాలి. పాత మట్టిగోడ ఇంకా నిలిచి ఉన్న ఇంటివారు ఆ గోడలో చిన్న రంధ్రాలు కనిపిస్తే పూడ్చకుండా ఉంటే ఇదంతా చేయనవసరం లేదు.

బురదతో గూడు కట్టే ఈగల కోసం తులసికోట నీరు జారే చోట గుప్పెడు బంకమట్టి ఎప్పుడూ తడిగా ఉండేలా చూడండి.

చీమలు, చెదలు, బల్లుల సంగతి ఏమిటి?

చెదలు నేలనుంచి ఎక్కుతాయి కనుక గూటిని నేలలో పాతిన కర్రకు కాకుండా గోడకో ఇనుప కడ్డీకో బిగించాలి. చీమలు ఎక్కే దారిలో కడ్డీకి ఆముదంలో తడిపిన గుడ్డ చుట్టి అప్పుడప్పుడు తడుపుతూ ఉండండి. చీమలమందు పొడి చల్లవద్దు. పక్షులు పొడుస్తుంటే గూటికి రెండంగుళాల ముందుగా వెడల్పు కన్నుల తీగజాలీ కట్టవచ్చు. బల్లి, తొండ అప్పుడప్పుడు ఒక ఈగను పట్టుకుంటాయి, దానిని పూర్తిగా ఆపలేము.

గండుతుమ్మెదలు మా ఇంటి వాసాలను తొలుస్తున్నాయి. ఏం చేయాలి?

రంగు పూసిన కలపను అవి సాధారణంగా ముట్టవు. లోపల పిల్లలు లేవని నిర్ధారించుకున్నాక పాత రంధ్రాలను పూడ్చి, వాసాలకు రంగు వేయించండి. అదే సమయంలో దగ్గర్లోనే ఎండు వెదురునో, మెత్తబడిన మునగ, బూరుగ మోడునో పెట్టండి. చోటు చూపించకుండా తరిమితే పక్క వాసానికి వెళ్తాయి.

గూటిలో కందిరీగలు చేరాయి. తీసేయాలా?

ఒంటరిగా ఉండే సన్ననడుము కందిరీగలు కూడా ఈ గొట్టాలను వాడుకుంటాయి. అవి పిల్లలకు ఆహారంగా సాలెపురుగులనో, ఆకుపురుగులనో తెచ్చి పెడతాయి కాబట్టి తోటకు మేలే చేస్తాయి. ఉండనివ్వండి. కాగితంలాంటి గూడును గుంపుగా కట్టే కందిరీగలు పక్కన చేరితే మాత్రం, అవి కుట్టే స్వభావం గలవి కనుక, గూడు చిన్నదిగా ఉండగానే జాగ్రత్త పడాలి.

ఎంతకాలానికొకసారి శుభ్రం చేయాలి?

ఒకే గొట్టాన్ని ఏళ్ల తరబడి వాడితే పురుగులు, బూజు పేరుకుంటాయి. వెదురుముక్కలను జిగురుతో అతికించకుండా కట్టగా కట్టుకుంటే పిల్లలు వెళ్లిపోయిన ముక్కలను ఏడాదికోసారి తీసి కొత్తవి చేర్చవచ్చు. మూసి ఉన్నవాటిని మాత్రం కదపవద్దు. చెక్కదిమ్మెలను రెండేళ్లకు మార్చడం మంచిది.

పురుగుమందులు కొట్టక తప్పని తోటలో గూడు పెట్టవచ్చా?

పూతమీద ఉన్న మొక్కకు మందు కొట్టే తోటలో గూడు పెట్టడం ఈగలను పిలిచి చంపడమే. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు మొక్క అంతటా వ్యాపించి పుప్పొడిలోకీ చేరతాయి, తేనెటీగలకు అతి ప్రమాదకరం. తప్పనిసరి అయినప్పుడు పూత లేని దశలో, సూర్యాస్తమయం తర్వాత కొట్టాలి. వేపనూనెకూ ఇదే నియమం. పంటకు ఏ మందు, ఎంత మోతాదు అనేది నెల్లూరులోనో, దర్శిలోనో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి తెలుసుకోవడం ఉత్తమం.

గూటి దగ్గర ఏ మొక్కలు ఉండాలి?

చిన్న ఈగలు కొన్ని వందల మీటర్లకు మించి వెళ్లవు, కాబట్టి పూలు దగ్గరలోనే ఉండాలి. తులసి, వంగ, టమాటా, కంది, అలసంద, చిక్కుడు, నువ్వు, పొద్దుతిరుగుడు, మునగ ఉంటే చాలు. గట్టుమీద తంగేడును, జిల్లేడును పీకకుండా ఉంచండి. మిగతావన్నీ ఎండిన వేసవిలో కూడా జిల్లేడు పూస్తుంది, గండుతుమ్మెదలు దానిని వదలవు. తులసి వెన్నులను విరవకుండా కొన్నింటిని పూయనిస్తే ఇంటి ముందే అన్ని రకాల ఈగలనూ చూడవచ్చు.

నెలలు గడిచినా ఒక్క ఈగ కూడా రాలేదు. ఎందుకు?

ముందు కొలతలు సరిచూడండి: వెనుక మూసి ఉందా, లోపల నున్నగా ఉందా, అన్నీ ఒకే సైజు రంధ్రాలా. తర్వాత మధ్యాహ్నం రెండు గంటలకు గూటిమీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి కాలితే చోటు మార్చాలి. మూడవది, ఉదయం తొమ్మిది గంటలకు తులసి దగ్గరో, వంగ దగ్గరో కొంతసేపు నిలబడి పూలకు ఏ ఈగలు వస్తున్నాయో గమనించండి. ఈగలు వస్తూ గూటికి మాత్రం రాకపోతే గూటిలోనో, అది ఉన్న చోటులోనో లోపం ఉంది. పూలకే రాకపోతే మొక్కలు పెంచడం ముందు పని, గూడు తర్వాత. ఖాళీగా ఉన్న గూటిని మాటిమాటికీ చోట్లు మార్చకుండా, ఒక పూత కాలం పూర్తయ్యేదాకా ఒకే చోట ఉంచండి.